విమాన దూరం చెప్పే సైట్లు: జయపురం, రాయగడ వాళ్లకి కిలోమీటర్లు కరెక్టే, గంటలే తేడా

సెర్చ్‌లో ‘జైపూర్ నుంచి వైజాగ్ విమాన దూరం’ అని కొట్టి చూడండి. 1,260 కిలోమీటర్ల పైచిలుకు, రెండు గంటల ప్రయాణం అని వస్తే కంగారు పడకండి, అది రాజస్థాన్ జైపూర్ లెక్క. కొరాపుట్ జిల్లాలోని మన జయపురం నుంచి వైజాగ్ ఎయిర్‌పోర్టుకి నేరుగా గీత గీస్తే 147 కిలోమీటర్లే.

రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు ఇస్తే దూరం, ప్రయాణ సమయం చెప్పే సైట్లు, యాప్‌లు బోలెడు. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్, జయపురం వైపు ఉన్న తెలుగువాళ్లకి వీటితో అవసరం ఎక్కువే పడుతుంది. విమానం ఎక్కాలంటే వైజాగ్ పోవాలా, జగ్దల్‌పుర్ పోవాలా, భువనేశ్వర్ పోవాలా అన్నది ప్రతిసారీ కొత్త లెక్కే కాబట్టి. తీర్పు ముందే చెప్పేస్తే, దూరానికి ఈ సైట్లకి అయిదుకి నాలుగున్నర వెయ్యొచ్చు. సమయానికి రెండు కూడా ఎక్కువే. ఆ టైము నమ్ముకుని కనెక్టింగ్ టికెట్ కొన్నవాళ్లు వైజాగ్‌లో లాడ్జి వెతుక్కోవాల్సి వస్తుంది.

దూరం దాదాపు ఎప్పుడూ సరిపోవడానికి కారణం, అది వట్టి గణితం కావడమే. రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూగోళం మీద వాటి మధ్య అతి దగ్గరి దారిని లెక్కకడతారు. కాగితం మీద మీరూ చెయ్యొచ్చు. జయపురం 18.88 ఉత్తరం, 82.55 తూర్పు. వైజాగ్ 17.72 ఉత్తరం, 83.22 తూర్పు. అక్షాంశాల తేడా 1.16 డిగ్రీలు, డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 129. రేఖాంశాల తేడా 0.67. మన అక్షాంశం దగ్గర రేఖాంశం డిగ్రీ 111 ఉండదు, కాస్త కుంచించుకుపోయి 105న్నర దగ్గర ఉంటుంది. అంటే 71 కిలోమీటర్లు. ఇక బడిలో చెప్పిన లంబకోణ త్రిభుజమే: రెంటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 147. ఢిల్లీ దాకా ఈ పద్ధతి కొద్ది కిలోమీటర్ల తేడాతో పనికొస్తుంది, సింగపూర్‌కి మాత్రం వాడకండి.

ఈ పనికి ఉన్నవాటిలో గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అన్నిటికన్నా మెరుగు. చూడ్డానికి పాతకాలం సైట్‌లా ఉంటుంది, రంగులూ హంగులూ లేవు. కోడ్‌లు మధ్యలో చిన్న గీతతో కొడితే మ్యాపు మీద గీత గీసి దూరం, బయల్దేరే దిక్కు చూపిస్తుంది. జయపురం కోడ్ పీవైబీ, వైజాగ్ వీటీజెడ్, భువనేశ్వర్ బీబీఐ, హైదరాబాద్ హెచ్‌వైడీ, జగ్దల్‌పుర్ జేజీబీ. జయపురం నుంచి వైజాగ్ దిక్కు 151 డిగ్రీలు, అంటే ఆగ్నేయానికి. మ్యాపు మీద ఆ గీత సరిగ్గా అరకు లోయ మీదుగా పోతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, వానాకాలం మాట వచ్చినప్పుడు మళ్లీ పనికొస్తుంది. మూడు నాలుగు ఊళ్లు వరసగా కొట్టినా ముక్కముక్కకీ దూరం చెప్పి మొత్తం కూడి పెడుతుంది. అంకెలు మైళ్లలో కనిపిస్తే కిలోమీటర్లకి మార్చుకోవాలి. ఇది చూసుకోకే చాలామంది పొరపడతారు. జయపురం–వైజాగ్ మామూలు మైళ్లలో 91, విమానాలవాళ్లు వాడే నాటికల్ మైళ్లలో 79. మూడు అంకెలూ ఒకే దూరం. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, మామూలు మైలు 1.609.

తప్పులు ఎక్కడ వస్తాయంటే, లెక్కలో కాదు, పేర్లలో. జయపురం సంగతి చూశాం. రాయగడ అని కొడితే ఛత్తీస్‌గఢ్ రాయ్‌గఢ్‌కో మహారాష్ట్ర రాయగడ్‌కో దారి తీస్తుంది. బరంపురం అంటే బెంగాల్ బహరంపూర్ వస్తుంది. హైదరాబాద్ అన్నా పాకిస్తాన్‌లో ఒకటుంది, దాని కోడ్ హెచ్‌డీడీ. ఊరి పేరు కాకుండా మూడక్షరాల కోడ్ కొడితే ఈ గొడవ ఉండదు. ఇంకో పాత తప్పు హైదరాబాద్‌దే. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక హెచ్‌వైడీ కోడ్ బేగంపేట నుంచి దానికి వచ్చింది, బేగంపేటకి బీపీఎం ఇచ్చారు. పాత డేటాతో నడిచే సైట్లలో ఇప్పటికీ హెచ్‌వైడీ అంటే బేగంపేట అక్షాంశాలే ఉంటాయి. వైజాగ్ నుంచి దూరం 505 చూపిస్తే సైటు పాతదనుకోండి. శంషాబాద్‌కి 511. భూమి నడుం దగ్గర కాస్త ఉబ్బుగా ఉంటుందన్న లెక్క కూడా కలిపే సైట్లు 512 అంటాయి, ఆ ఒక్క కిలోమీటరు తప్పు కాదు.

కొద్ది కిలోమీటర్ల తేడాకి ఇంత రాద్ధాంతమా అంటే, ఒక్కోసారి అవసరమే. 2025 డిసెంబర్‌లో దేశమంతటా విమానాలు రద్దయి ఛార్జీలు చుక్కలంటినప్పుడు పౌర విమానయాన శాఖ దూరాన్ని బట్టి గరిష్ఠ ధర పెట్టింది. 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, 500 నుంచి 1,000 వరకు 12,000, 1,500 వరకు 15,000, ఆపైన 18,000. పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజులు అదనం. వైజాగ్–హైదరాబాద్ 511 కాబట్టి పదకొండు కిలోమీటర్ల తేడాతో 12,000 శ్లాబులో పడింది. గంటపైన కాస్త ప్రయాణమే కదా, చిన్న దూరమే కదా అని 7,500 లెక్క వేసుకుంటే తప్పే.

ఇక సమయం. చాలా సైట్లు వాడేది ఒకటే సూత్రం, కొన్ని పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒప్పుకుంటాయి కూడా: విమానం గంటకి 500 మైళ్లు, అంటే 805 కిలోమీటర్లు పోతుంది, ఎక్కడానికీ దిగడానికీ కలిపి అరగంట. ఏ ఊరైనా, ఏ విమానమైనా ఇదే. వైజాగ్–హైదరాబాద్ 38 నిమిషాలు ప్లస్ 30, మొత్తం గంటా 8 నిమిషాలు. టికెట్ మీద జెట్ విమానానికి గంటా 10 నుంచి గంటా 20 వరకు ఉంటుంది. దగ్గరగానే ఉంది కదా అనిపిస్తుంది. అదే ఏటీఆర్, అంటే ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం అయితే గంటన్నర.

మన జిల్లాల్లో విమానం అనగానే జెట్ కాదన్నది ఈ సైట్లకి తెలీదు. జయపురం నుంచి ఉడాన్ (చిన్న ఊళ్లకి విమానాలు నడిపించే కేంద్ర ప్రభుత్వ) పథకం కింద నడిచింది సెస్నా గ్రాండ్ కారవాన్, తొమ్మిది సీట్ల ఒంటి ఇంజిన్ విమానం. దాని వేగం నిలకడగా ఎగిరేటప్పుడు గంటకి 170, 180 నాట్లు, అంటే 315 నుంచి 335 కిలోమీటర్లు. ఎక్కడం దిగడం కలిపితే సగటు 310 దగ్గర పడుతుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది. జయపురం–వైజాగ్‌కి సైటు సూత్రం 41 నిమిషాలు ఇస్తుంది. కారవాన్ లెక్క వేసినా 43 వస్తుంది. సూత్రం గొప్పదేం కాదు, గుడ్డివాడి చేతికి రాయి తగిలినట్టు తగిలింది. దూరం మరీ తక్కువ కాబట్టి సూత్రంలో అరగంటదే పెద్ద వాటా, వేగం తప్పు దాని చాటున దాక్కుంది. జయపురం–భువనేశ్వర్ చూడండి, గుట్టు బయటపడుతుంది. దూరం 374 కిలోమీటర్లు. సైటు 58 నిమిషాలు అంటుంది. కారవాన్‌కి గాల్లోనే గంటా 12 నిమిషాలు, రన్‌వే మీద నడకతో కలిపి గంటా 25 దాటుతుంది. అరగంట తేడా.

జగ్దల్‌పుర్–హైదరాబాద్ 432 కిలోమీటర్లు. ఆ లైను మీద తిరిగే ఏటీఆర్ 72కి గరిష్ఠంగా 510 కిలోమీటర్ల వేగం. సైటు గంటా 2 నిమిషాలు అంటే అసలు పట్టేది గంటా 20.

కాబట్టి సైటు ఇచ్చిన దూరం తీసుకుని టైము మీరే కట్టుకోండి. టికెట్ బుక్ చేసే పేజీలో విమానం రకం రాసి ఉంటుంది. ఎయిర్‌బస్ 320 గానీ బోయింగ్ 737 గానీ అయితే దూరాన్ని 800తో భాగించి 35 నుంచి 40 నిమిషాలు కలపండి. ఏటీఆర్ అయితే 480తో భాగించి 25 కలపండి. కారవాన్ అయితే 310తో భాగించి 15. వైజాగ్–ఢిల్లీ 1,358 కిలోమీటర్లకి ఈ పద్ధతిలో 2 గంటల 20 నిమిషాలు వస్తుంది, షెడ్యూలు కూడా అటూ ఇటూగా అంతే.

జెట్‌కి అన్ని నిమిషాలు ఎందుకు కలపాలో వైజాగ్–హైదరాబాద్ గీతలోనే కనిపిస్తుంది. 511 కిలోమీటర్లంటే 276 నాటికల్ మైళ్లు. 35 వేల అడుగులకి ఎక్కేసరికి 110, 120 మైళ్లు అయిపోతాయి. దిగేటప్పుడు పైలట్ల లెక్క వెయ్యి అడుగులకి మూడు మైళ్లు, వేగం తగ్గించుకోడానికి ఇంకో పది. అంటే 115 మైళ్ల ముందే కిందికి దిగడం మొదలెట్టాలి. మిగిలేది నలభై మైళ్లు, 75 కిలోమీటర్లు. ఆ కాస్త దూరమే విమానం పూర్తి వేగంతో పోయేది. ఇంతా చేసి 10 వేల అడుగుల కింద 250 నాట్లకి మించకూడదన్న నిబంధన ఎలాగూ ఉంది. ఈ లైనులో అంత ఎత్తుకి ఎక్కకుండానే పోయే విమానాలూ ఉంటాయి. సీటుబెల్టు లైటు ఆరిన కాసేపటికే మళ్లీ వెలగడానికీ, టీ కప్పులు హడావిడిగా తీసుకుపోవడానికీ కారణం ఇదే.

గీత నేరుగా ఉంటుంది, విమానం నేరుగా పోదు. వైజాగ్ రన్‌వే అంకెలు 10, 28. అంటే ఒక కొస నుంచి 100 డిగ్రీల వైపు, రెండో కొస నుంచి 280 డిగ్రీల వైపు. హైదరాబాద్ నుంచి వచ్చే విమానం పడమటి నుంచి వస్తుంది. 28 మీద దిగమన్నారంటే ఎయిర్‌పోర్టు దాటి తూర్పుకి పోయి, చుట్టి వెనక్కి తిరగాలి. ఇరవై ముప్పై కిలోమీటర్లు అదనంగా తిరగడం చిన్న లైన్లలో మామూలు సంగతే. పైగా ఇది నౌకాదళం వారి ఐఎన్‌ఎస్ డేగ స్థావరం, కంట్రోలు నేవీది. వాళ్ల విమానాలు ఎగిరే వేళల్లో పౌర విమానాలు ఆగాల్సిందే. కంపెనీలు ఇవన్నీ కలుపుకునే షెడ్యూలు వేసుకుంటాయి. ఏ అడ్డూ లేని రోజున ‘పది నిమిషాల ముందే చేర్చాం’ అని ప్రకటన వినిపిస్తుంది. ముందు చేర్చిందేం లేదు, ముందే కలుపుకున్న నిమిషాలవి.

గాలి సంగతి ఏ సైటూ చెప్పదు. చలికాలంలో ఉత్తరాది మీద పైన గట్టి పడమటి గాలి ఉంటుంది. అందుకే వైజాగ్ నుంచి ఢిల్లీ పోవడానికి ఎక్కువ, రావడానికి తక్కువ పడుతుంది. వానాకాలంలో మన వైపు లెక్క రెండంతస్తుల మేడలా ఉంటుంది: కింద పడమటి గాలి, జెట్‌లు ఎగిరే ఎత్తులో తూర్పు గాలి. జెట్ మీద దాని ప్రభావం ఒకటి రెండు నిమిషాలు. కారవాన్ కింది అంతస్తులోనే పోవాలి. దాని క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పెంచే ఏర్పాటు లేదు, 10 వేల అడుగుల లోపే తిరుగుతుంది. 170 నాట్ల విమానానికి 20 నాట్ల గాలి వెనక నుంచి తోస్తే జయపురం–భువనేశ్వర్ 202 నాటికల్ మైళ్లకి 64 నిమిషాలు. అదే గాలి ఎదురైతే 81. పోనూ రానూ 17 నిమిషాల తేడా, అదే విమానం, అదే దూరం.

గాలికన్నా పెద్ద చిక్కు మబ్బు. చిన్న ఎయిర్‌స్ట్రిప్పుల నుంచి కంటిచూపు మీద నడిపే నియమాలతోనే ఎగరాలి, దానికి కనీసం 5 కిలోమీటర్ల దూరం స్పష్టంగా కనపడాలి. జయపురం పీఠభూమి మీద డిసెంబర్, జనవరి పొద్దుటిపూట మంచు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇందాకటి గీత అరకు మీదుగా పోతుందన్నాం కదా, జులై, ఆగస్టుల్లో ఆ కొండల మీద మబ్బు దిగితే 41 నిమిషాలూ లేదు, 43 నిమిషాలూ లేదు, విమానమే లేదు. వానాకాలంలో కారవాన్ దిగి వైజాగ్‌లో అదే రోజు వేరే విమానం అందుకునేలా టికెట్ తీసుకోవడం జూదమే. రెండూ వేరు వేరు టికెట్లయితే రెండో కంపెనీకి మీ మొదటి విమానంతో సంబంధం ఉండదు, డబ్బు పోయినట్టే.

సైట్లలో ‘దగ్గరి ఎయిర్‌పోర్టులు’ అని ఒక జాబితా ఉంటుంది. రాయగడ వాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. నేరు గీతలో జయపురం 97 కిలోమీటర్లు, కలహండి జిల్లా ఉత్కేలా వంద దాటి కాస్త, వైజాగ్ 162. జాబితాలో వైజాగ్ అడుగుకి పోతుంది. కానీ జయపురానికి లక్ష్మీపూర్, కొరాపుట్ మీదుగా కొండదారిన 130 కిలోమీటర్లు పోవాలి, పోయినా, సర్వీసు ఉంటే, అక్కడ దొరికేది తొమ్మిది సీట్ల విమానమే. వైజాగ్‌కి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా దాదాపు 190. రోడ్డు మెరుగు, రైలూ ఉంది, హైదరాబాద్‌కి రోజూ ఎన్నో విమానాలు. అసలు నవ్వు తెప్పించేది ఇంకోటి: రాయగడ–వైజాగ్ విమాన సమయం 42 నిమిషాలు అని పేజీలకి పేజీలు కట్టి పెట్టారు. రాయగడ దగ్గర తెరుబలిలో ఎయిర్‌స్ట్రిప్ ఉన్నమాట నిజమే, టికెట్ కొని ఎక్కే సర్వీసు లేదు. పర్లాకిమిడి–వైజాగ్ 41 నిమిషాలన్నదీ అలాంటిదే. సూత్రంలో అంకెలు వేస్తే అత్తగారి పెరడు నుంచి మన పెరటికి కూడా విమాన సమయం వస్తుంది.

హైదరాబాద్ పోవాలనుకునే జయపురం వాళ్లకి మాత్రం దూరం సైట్లు నిజంగా పనికొస్తాయి, ఎందుకంటే ఇక్కడ లెక్క ఆసక్తిగా ఉంటుంది. నేరు గీతలో జయపురం–హైదరాబాద్ 472 కిలోమీటర్లు. వైజాగ్ మీదుగా పోతే 147కి 511 కలిపి 658, అంటే 186 కిలోమీటర్లు చుట్టు. జగ్దల్‌పుర్ మీదుగా పోతే రోడ్డు మీద 80 పైచిలుకు, ఆపైన ఆకాశంలో 432. ఘాటు రోడ్డు బాధ తక్కువ, చుట్టు తిరుగుడూ తక్కువ. సర్వీసు ఉన్న రోజున జయపురం, కొట్‌పాడ్, నవరంగపూర్ వాళ్లకి అదే మేలైన దారి. దాని బలహీనత ఒక్కటే, రోజుకి ఒక విమానం. అది రద్దయితే తర్వాతది రేపు, లేకపోతే ఎల్లుండి. వైజాగ్‌లో ఒకటి పోతే రెండు మూడు గంటల్లో ఇంకోటి దొరుకుతుంది. తప్పనిసరి పని, అంటే ఆసుపత్రి అపాయింట్‌మెంటో ఉద్యోగం ఇంటర్వ్యూనో ఉంటే చుట్టు అయినా వైజాగే.

జయపురం నుంచి వైజాగ్ రోడ్డు మార్గం 220 కిలోమీటర్ల దగ్గర. కొరాపుట్, సుంకి ఘాటు, సాలూరు, రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం, ఆనందపురం. మ్యాపు యాప్ అయిదు గంటలంటే ఆరు వేసుకోండి. సుంకి మలుపుల్లో ఒక్క లారీ యాక్సిల్ విరిగి అడ్డంగా ఆగిందంటే గంట పోయినట్టే. ఎయిర్‌పోర్టులో చెక్ ఇన్ కౌంటర్ విమానానికి గంట ముందు మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు. కాబట్టి మధ్యాహ్నం 2 గంటల విమానానికి 12కల్లా ఎయిర్‌పోర్టు గుమ్మంలో ఉండాలి, దానికి జయపురంలో తెల్లవారుజామున 5న్నరకి బయల్దేరాలి. హైదరాబాద్‌లో దిగేది 3:15కి, సామాను తీసుకుని బయటపడేసరికి 4. సైటు గంటా 8 నిమిషాలన్న ప్రయాణానికి మొత్తం పదిన్నర గంటలు. రాయగడ నుంచైతే గంట తక్కువ.

భోగాపురం అల్లూరి సీతారామరాజు ఎయిర్‌పోర్టుకి సర్వీసులు మారితే ఈ లెక్కలన్నీ మళ్లీ కట్టుకోవాలి, మన వైపు వాళ్లకి లాభంగానే. ఆకాశంలో హైదరాబాద్ దూరం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు పెరుగుతుంది, విమానానికి అది రెండు మూడు నిమిషాలు. నేల మీద మాత్రం విజయనగరం దాటాక ఆనందపురం, వైజాగ్ ట్రాఫిక్, ఎన్‌ఏడీ కూడలి తప్పుతాయి. పర్లాకిమిడి, పాతపట్నం నుంచి వచ్చేవాళ్లు శ్రీకాకుళం మీదుగా నేషనల్ హైవే మీద నేరుగా దిగొచ్చు. వైజాగ్ ఊళ్లోవాళ్లు దూరమైందని సణుగుతారేమో గానీ, మన రాయగడ, సాలూరు జనానికి గంట కలిసొస్తుంది. దూరం సైట్లు కొత్త అక్షాంశాలు వెంటనే ఎక్కిస్తాయన్న నమ్మకం మాత్రం పెట్టుకోకండి. బేగంపేట సంగతి ఇందాకే చూశాం.

అసలు టైము కావాలంటే ఫ్లైట్‌రాడార్ 24 లాంటి ట్రాకింగ్ యాప్ వాడండి. విమానం నంబర్ కొడితే గత కొన్ని రోజులుగా ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది, ఏ రకం విమానం అన్నీ వరసగా ఉంటాయి. వారం రోజులది చూస్తే ఆ విమానం గుణం తెలిసిపోతుంది. ఎప్పుడూ నలభై నిమిషాలు ఆలస్యంగా లేచేదైతే అది దాని అలవాటు అనుకోవాలి. అందులో కనిపించేది చక్రాలు లేచిన దగ్గర్నుంచి తగిలే వరకు సమయం, టికెట్ మీద ఉండేది గేటు నుంచి గేటుకి. రెండిటి మధ్య పదిహేను, ఇరవై నిమిషాల తేడా ఉంటే మామూలే. ఈ యాప్‌కి ఒక లోపం ఉంది. కొండల వెనక తక్కువ ఎత్తులో పోయే చిన్న విమానం సిగ్నల్ నేల మీది రిసీవర్లకి అందదు. కారవాన్ మ్యాపు మీద మధ్యలో మాయమైతే భయపడకండి, దాటాక మళ్లీ కనిపిస్తుంది.

విదేశాలకి పోయేవాళ్లకి ఒక మాట. టికెట్ మీద దిగే టైములోంచి ఎక్కే టైము తీసేసి ప్రయాణం ఇన్ని గంటలు అనుకోకండి, రెండూ ఆయా ఊళ్ల టైములు. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, సింగపూర్ రెండున్నర గంటలు ముందు. గంజాం నుంచి గల్ఫ్ పనులకి పోయేవాళ్ల ఇళ్లలో ‘నాలుగు గంటలన్నారు, రెండున్నరకే దిగిపోయాడే’ అన్న ఆశ్చర్యం దీనివల్లే.

చివరిగా, గేటు నుంచి గేటుకి ఉండే ఆ టైము డబ్బు వ్యవహారం కూడా. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం కంపెనీ తగిన గడువులో చెప్పకుండా విమానం రద్దు చేస్తే నష్టపరిహారం ఇవ్వాలి. షెడ్యూలు టైము గంట లోపు ఉంటే 5,000 రూపాయలు, గంట నుంచి రెండు గంటల వరకు 7,500, ఆపైన 10,000. టికెట్ మూలధర, ఇంధన ఛార్జీ కలిపి అంతకన్నా తక్కువైతే ఆ తక్కువదే ఇస్తారు. జయపురం–భువనేశ్వర్‌కి సైటు 58 నిమిషాలందని 5,000 శ్లాబు అనుకోకండి, షెడ్యూలులో గంట దాటితే అది 7,500ది. మంచు, తుఫాను లాంటి కారణమైతే పరిహారం రాదు. బుకింగ్‌లో మీ ఫోన్ నంబర్ సరిగ్గా లేకపోయినా రాదు. నెట్ సెంటర్‌లోనో ఏజెంటు దగ్గరో టికెట్ తీసుకుంటే అక్కడివాళ్లు తమ నంబరే కొట్టేస్తుంటారు. రద్దయిన మెసేజ్ వాళ్ల ఫోనుకి పోతుంది, మీరు సుంకి ఘాటు దిగుతూ ఉంటారు. డబ్బు కట్టే ముందు స్క్రీన్ తిప్పించి మీ నంబరు ఉందో లేదో కళ్లారా చూసుకోండి.